పెంపుడు జంతువులకు ఇంటివైద్యం: నా చిట్కా వల్ల ఒక పిల్లి ప్రాణం మీదికి వచ్చింది. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి మానాలి?

అడిగినవారు: ఎం.ఆర్.పల్లి అరుగు

అందరికీ నమస్కారం. మాది తిరుపతిలో ఎం.ఆర్.పల్లి. పదేళ్ళకు పైగా మా వీధి కుక్కలకు రాత్రిపూట అన్నం పెడుతున్నాను. ఇప్పుడు పన్నెండు ఉన్నాయి, అవి కాక ఇంట్లో ఒక నాటు కుక్క ఉంది. మా అమ్మ ఆవులకూ మేకలకూ చేసిన వైద్యం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, కుక్కకు పిడుదులు పట్టినా, పుండు పడినా, విరేచనాలు పట్టుకున్నా ముందు వంటింటి వైపే చూడడం నాకు అలవాటు. అలా పనిచేసిందనుకున్న ప్రతి చిట్కానూ చుట్టుపక్కల జంతువులను పెంచుకునేవారికి రాసి పంపుతూ వచ్చాను. ఇంతకాలం ఎవరూ తప్పు పట్టలేదు; డాక్టరు ఖర్చు తప్పించారని మెచ్చుకున్నవారే ఎక్కువ.

మూడు వారాల క్రితం పక్కింటి అమ్మాయి తన పిల్లి మెడ ఊరికే గోక్కుంటోందనీ, బొచ్చు విడదీస్తే నల్లటి పేలు పరుగెడుతున్నాయనీ చూసి, నేను ఎప్పుడో రాసిన "వేపనూనెలో కర్పూరం కరిగించి ఒంటికి పట్టించండి" అన్న చిట్కాను పాటించింది. మధ్యాహ్నం మూడు గంటలకు మెడ నుంచి తోక దాకా రాసింది. చీకటి పడే వేళకు గోడ అవతలి నుంచి నన్ను పిలిచింది. నేను వెళ్ళేసరికి పిల్లి నోటి నుంచి చొంగ తీగలా సాగి నేలను తాకుతోంది, తడి బండ మీద నడుస్తున్నట్టు వెనక కాళ్ళు రెండూ పక్కకు జారిపోతున్నాయి, చెవులు చల్లగా ఉన్నాయి. వంగితే చాలు, బొచ్చు నుంచి హారతి పళ్ళెం వాసన. "మీరు చెప్పిందే కదా అక్కా రాశాను" అన్నది ఆ అమ్మాయి. కోపంగా అనలేదు, అందుకే ఇప్పటికీ ఆ మాట నన్ను వదలడం లేదు.

రాత్రికి రాత్రే ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. ఒళ్ళంతా గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగి, వెచ్చగా చుట్టి, సెలైన్ పెట్టారు. మూడో రోజుకు లేచి అన్నం ముట్టింది. బతికింది.

ఇప్పుడు నా పాత చిట్కాలన్నింటినీ ముందు వేసుకుని కూర్చున్నాను. వేపనూనె, కర్పూరం సంగతి తెలిసిపోయింది. ఇవి కాక, పిడుదులు పట్టకుండా అన్నంలో వెల్లుల్లి రెబ్బలు కలపమని రాశాను. పుండ్లకు పసుపు ముద్ద, పేలకు సీతాఫలం గింజల పొడి, పిడుదుల జ్వరంలో రక్తకణాలు పెరగడానికి బొప్పాయి ఆకు రసం, విరేచనాలకు పెరుగన్నం చెప్పాను. ఒళ్ళు వేడిగా ఉంటే పారాసిటమాల్ సగం మాత్ర వేయమని కూడా ఒకచోట రాశాను. అది ప్రకృతివైద్యమూ కాదు, ఎందుకు రాశానో నాకే తెలియదు. ఇంకొక సంగతి, కొండకు వెళ్ళివచ్చినవారు ఇచ్చే లడ్డూలో తలా ఒక ముక్క మా వీధి కుక్కలకూ పెడుతుంటాను.

వీటిలో ఏది నిలుస్తుంది, ఏది కొట్టివేయాలి? తెలిసినవారు మొహమాటం లేకుండా చెప్పండి. ఏది తప్పో తేలితే, పాత చిట్కాలు అందుకున్న ప్రతివారికీ దిద్దుబాటు పంపుతాను.

---

జవాబు 1: పదవీ విరమణ చేసిన పశువైద్యుడు

అమ్మా, జరిగింది దాచకుండా రాసినందుకు ముందుగా నమస్కారం. 1955లో మొదలైన మన తిరుపతి పశువైద్య కళాశాలలోనే నేను చదువుకున్నాను, ఆ తరువాత బతుకంతా ఈ పనిలోనే గడిచింది. వేపనూనె రాసిన పిల్లులను చాలాసార్లు చూశాను. తెచ్చినవారిలో ఒక్కరు కూడా నిర్లక్ష్యంగా పెంచేవారు కారు, అందరూ ప్రేమగా పెంచేవారే.

మీ చిట్కాలన్నింటిలో ఉన్న లోపం ఒక్కటే. "పైపూత" అనే మాట మనుషులకు చెల్లుతుంది గాని, కుక్కకూ పిల్లికీ చెల్లదు. వాటి ఒంటికి ఏది రాసినా గంటలోపల నాలుక మీదికి వెళుతుంది. పిల్లి మేలుకుని ఉన్న వేళలో చాలా భాగం ఒళ్ళు నాక్కుంటూనే గడుపుతుంది కనుక, మీరు రాసిన నూనె అది తాగిన నూనె కిందే లెక్క. దానికి తోడు, మనుషుల్లోనూ కుక్కల్లోనూ కొన్ని రసాయనాలను విరిచి బయటికి పంపే ఎంజైములు పిల్లి కాలేయంలో చాలా తక్కువ. అందువల్ల కుక్క తట్టుకోగలిగిన మోతాదు కూడా పిల్లి ఒంట్లో పేరుకుపోయి విషమవుతుంది. కర్పూరమైతే చర్మం గుండా కూడా లోపలికి పోయి నరాల మీద పనిచేస్తుంది. కుక్కకైనా పిల్లికైనా అది మూర్ఛలు తెప్పించగలదు. ఈ మధ్య సీసాల్లో అమ్ముతున్న టీ ట్రీ నూనెదీ ఇదే వరస.

ఇక ఒక్కొక్కటిగా చెబుతాను. పారాసిటమాల్ మాటను ఈ రోజే తీసివేయండి, దిద్దుబాటులో మొదటి వాక్యం అదే కావాలి. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లిని చంపడానికి చాలు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి చేరి, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగి, ముఖమూ పాదాలూ వాస్తాయి. కుక్కల్లో కాలేయం చెడుతుంది. నొప్పులకు వేసుకునే ఐబుప్రొఫెన్ మాత్ర కూడా అంతే, కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పైగా కుక్క ఒళ్ళు మన చేతికి వేడిగా తగలడం జ్వరం కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఉష్ణోగ్రతే సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, మనకైతే అది పడక ఎక్కించే జ్వరం.

వెల్లుల్లి, ఉల్లి రెండూ ఒకే కుటుంబం. వాటిలోని గంధక పదార్థాలు ఎర్రకణాలను పగలగొడతాయి. ఆ నష్టం తిన్న రోజున కనబడదు, కొన్ని రోజుల తరువాత చిగుళ్ళు పాలిపోయి, మూత్రం ముదురు రంగుకు తిరిగినప్పుడు తెలుస్తుంది; అప్పటికి వెల్లుల్లి పెట్టిన సంగతే ఎవరికీ గుర్తుండదు. పిల్లికి కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లిపాయ చాలు, అంటే మూడు కిలోల పిల్లికి ఒక చిన్న ఉల్లిపాయలో సగం కూడా ఎక్కువే కావచ్చు. ఉడికించినా ఆ గుణం పోదు కాబట్టి, మిగిలిన సాంబారు అన్నం పెట్టేవారు కూడా ఇది గమనించాలి. వెల్లుల్లి తిన్నంత మాత్రాన పిడుదులు పారిపోవు కూడా.

లడ్డూ సంగతి చెబితే మీకు బాధ కలుగుతుందని తెలుసు, అయినా చెప్పాలి. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల్లో మూత్రపిండాలను రెండు మూడు రోజుల్లో పాడుచేస్తాయి. ఏ కుక్క తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో ముందుగా చెప్పే దారి లేదు. ఇన్నాళ్ళు ఏమీ కాలేదంటే మీ ముక్కల్లో ద్రాక్ష తగలలేదేమో. ప్రసాదం మీరే తినండి, కుక్కలకు ఉప్పూ కారమూ లేని అన్నం పెట్టండి.

బొప్పాయి ఆకు రసం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మీ జాబితాలో ఎక్కువ కుక్కలను పోగొట్టే చిట్కా ఇదేనని నా అనుమానం. ఆ రసం విషమని కాదు. పిడుదుల జ్వరంలో ఎర్లిషియా అనే క్రిమి తెల్లకణాల లోపల చేరి బతుకుతుంది, బెబీసియా ఎర్రకణాల్లోకి దూరుతుంది. ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, తగ్గడం ఈ క్రిములు చేసే నష్టాలలో ఒకటి మాత్రమే. ఆకు రసంతో ఒకవేళ ఆ అంకె పెరిగినా లోపలి క్రిమి అక్కడే ఉంటుంది. కుక్క రెండు రోజులు కాస్త తేరుకున్నట్టు కనిపిస్తుంది, ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా ఉంటారు, నెల తిరిగేసరికి ముక్కు నుంచి రక్తంతో తీసుకువస్తారు. రక్తపరీక్ష చేసి, ఎర్లిషియా అని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు సుమారు నాలుగు వారాలు వాడితే ఎక్కువ కుక్కలు కోలుకుంటాయి. బెబీసియాకు మందు వేరు. ఏ క్రిమి అన్నది చిగుళ్ళు చూసి నేనైనా చెప్పలేను, గాజుపలక మీద రక్తం చూడవలసిందే.

పెరుగన్నం నిలుస్తుంది. పెద్ద కుక్క, హుషారుగా ఉంది, రెండుసార్లు పలచగా అయింది, వాంతి లేదు, రక్తం లేదు అన్నప్పుడు ఒక రోజు పెరుగన్నం గాని, ఉప్పు లేకుండా మెత్తగా ఉడికించిన గుమ్మడి గాని పెట్టి చూడవచ్చు. అదే ఆరు నెలల లోపు పిల్ల, వాంతులతో పాటు రక్తంతో కూడిన దుర్వాసన విరేచనాలు అవుతున్నాయంటే అది పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు కావచ్చు. అప్పుడు పెరుగన్నంతో గడిపిన పూట పోయిన పూటే.

పసుపు విషయంలో సగం మార్కులు. పావు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి, గీరుకుపోయిన చోట ధారగా కడగండి. అదే అసలు వైద్యం. తరువాత చిటికెడు పసుపు అద్దినా హాని లేదు. లోతైన కాటు గాయం మీద మాత్రం పసుపు ముద్ద మెత్తితే పైన పొక్కు కట్టి లోపల చీము పడుతుంది. వేసవిలో ఈగ వాలి పురుగులు పడిన గాయం పసుపుతో మానదు, కర్పూరంతో అసలే వద్దు. పురుగులు ఏరించి మందు వేయించాలి.

చివరగా ఒక మాట. చెట్టు నుంచి వచ్చింది కనుక మంచిదే అనే లెక్క పట్టుకుంటే, మన డివైడర్ల మీద పూసే గన్నేరు కూడా చెట్టుదే. దాని ఆకులు కొద్దిగా తిన్నా కుక్క గుండె లయ తప్పుతుంది.

---

జవాబు 2: కరకంబాడి రోడ్డు

డాక్టరు గారి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతున్నాను. మా కుక్కకు పద్నాలుగేళ్ళు బతికినంత కాలమూ కానుగనూనె, వేపనూనె కలిపి రాశాను. దానికి ఏమీ కాలేదు, పిడుదులూ ఎక్కువగా పట్టలేదు. పిడుదులు పట్టకుండా నెలనెలా నమిలించే మాత్ర ఒక్క పెంపుడు కుక్కకు కొనగలమేమో గాని, పన్నెండు వీధి కుక్కలకు ఎవరు కొంటారు? ఇంటివైద్యమంతా తప్పు అన్నట్టు చెబితే, డబ్బు లేనివారు ఏ వైద్యమూ చేయకుండా ఊరుకుంటారు. అది ఇంకా నష్టం కదా?

---

జవాబు 3: పలమనేరు పాడి రైతు

నాకు డాక్టరు చదువు లేదు, ఎనిమిది ఆవులున్నాయి. మా చిత్తూరు వైపు పాలవాళ్ళలో చాలామందికి తెలిసిన వైద్యం ఒకటి ఉంది. పొదుగువాపు వస్తే 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి రుబ్బి, పాలు పూర్తిగా పిండి పొదుగు కడిగిన తరువాత, రోజుకు పలుమార్లు పలచగా పూస్తాము. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు కూడా దీన్ని రైతులకు చెబుతోంది. మొదట్లో పట్టుకుంటే బాగానే పనిచేస్తుంది, నా కొట్టంలోనే చూశాను. కాబట్టి ఇంటివైద్యం అంతా ఉత్తిదే అని నేను అనను.

అయితే ఆ వైద్యంలో గ్రాములున్నాయి, జబ్బు పేరుంది, జంతువు పేరుంది. ఇది ఆవు పొదుగు కోసం చెప్పిన పూత. ఆవు తన పొదుగును తాను నాక్కోవడం అరుదు. మా తమ్ముడు అదే ముద్ద మిగిలిందని ఇంటి కుక్కకు కాలి పుండు మీద పూశాడు. సున్నానికి చర్మం ఎర్రగా కమిలింది, అది నాకిన కలబందకు రాత్రంతా విరేచనాలు. ఆవుకు మందైన గిన్నెలో మిగిలినదే కుక్కకు రోగమైంది.

అక్క గారు అడిగిన సీతాఫలం గింజల పొడి గురించి డాక్టరు గారు చెప్పడం మరిచినట్టున్నారు, నేను చెబుతాను. మా అమ్మ మేకల పేలకు అది వాడేది, పేలు చచ్చేవి, అది నిజమే. ఒకసారి గాలికి ఆ పొడి ఒక మేక కంట్లో పడి, కన్ను ఎర్రబడి, ఆ మీదట గుడ్డు తెల్లగా మసకబారి, వారం పైగా అది గోడకు గుద్దుకుంటూ తిరిగింది. రుబ్బేటప్పుడు మనిషి కంట్లో పడినా ఇంతే. కుక్కపిల్లకు మెడ దగ్గర రాస్తే ఎంతసేపట్లో కంట్లోకి చేరుతుందో మీరే ఊహించుకోండి.

---

జవాబు 4: పదవీ విరమణ చేసిన పశువైద్యుడు

రైతు గారు చెప్పింది అక్షరాలా నిజం, సీతాఫలం గింజ నేను మరిచిపోయాను. "గ్రాములున్నాయి, జబ్బు పేరుంది, జంతువు పేరుంది" అన్న మాటను ఆమె దిద్దుబాటులో అలాగే పెట్టుకోవచ్చు.

కరకంబాడి రోడ్డు వారి ప్రశ్న న్యాయమైనది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క పలచగా రాసిన వేపనూనెను చాలావరకు తట్టుకుంటుంది. మీ కుక్క తట్టుకున్నది, సంతోషం. కాని మీరు మీ కుక్కకు చేసుకున్నది వేరు, పదిమందికి రాసి పంపడం వేరు. అందుకున్నవారి ఇంట్లో పిల్లి ఉందో, నెల పిల్ల ఉందో, చూలు కుక్క ఉందో రాసినవారికి తెలియదు. ఇక్కడ జరిగింది అదే.

డబ్బు లేనివారు చేయగలిగిన పని ఒకటి ఉంది, అది మన పూర్వులకు తెలిసినదే. మన ఊళ్ళలో కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు తన బతుకులో ఎక్కువ కాలం కుక్క మీద ఉండదు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి రాలి, గోడ పగుళ్ళలోకి, గడప సందుల్లోకి పాకి అక్కడ వేలకొద్దీ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు కుక్కనెక్కి తాగి దిగుతాయి, తోలు మార్చుకుని మళ్ళీ ఎక్కుతాయి, ఇంకోసారి దిగుతాయి. తిండి లేకపోయినా నెలల తరబడి సందుల్లో కాచుకుని ఉండగలవు. కుక్క ఒంటికి ఎంత నూనె పట్టించినా గోడలో పంట పండుతూనే ఉంటుంది. పగుళ్ళు సిమెంటుతో పూడ్చండి, కుక్క పడుకునే గోనెలను మరుగునీళ్ళలో ముంచి ఎండలో ఆరేయండి. తిరుపతి ఎండ ఈ ఒక్క పనికైనా మనకు ఉపయోగపడాలి. ఒంటి మీది పిడుదును చిన్న పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి సబ్బునీళ్ళలో వేయండి. వేళ్ళతో నలపవద్దు, అగ్గిపుల్లతో కాల్చవద్దు, కిరోసిన్ పోయవద్దు. చెవుల లోపలా, కాలివేళ్ళ మధ్యా చూడడం మరిచిపోకండి. వేపాకు కాచిన నీళ్ళతో పెద్ద కుక్కకు స్నానం చేయించాలనిపిస్తే చేయించండి, చర్మానికి హాయిగా ఉంటుంది. పిడుదుల బెడద మాత్రం దానితో తీరదు. వీధి కుక్కల బరువు అంచనా వేసి తక్కువ ఖర్చులో ఏ మందు సరిపోతుందో దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలలో అడగండి. పశువుల మీద పోసే పిడుదుల మందును మాత్రం కొలత తెలియకుండా కుక్కలకు కలపకండి.

---

అడిగినవారు: ఎం.ఆర్.పల్లి అరుగు

అందరికీ కృతజ్ఞతలు. దిద్దుబాటు రాసి నిన్ననే పంపాను. పారాసిటమాల్ మాట మొదట పెట్టాను, పిల్లికి జరిగినదీ దాచలేదు. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు, ఒకరు "ఇన్నాళ్ళు మరెందుకు చెప్పారు" అని అడిగారు. జవాబు ఇవ్వలేకపోయాను.

డాక్టరు గారు చెప్పాక నిన్న రాత్రి మా అరుగు కింది సందులో టార్చి వేసి చూశాను. మా కుక్క పడుకునే చోటికి జానెడు దూరంలో, రెండు బండల నడుమ, ఉబ్బిన పిడుదులు బూడిదరంగు ఆముదం గింజల్లా వరసగా నక్కి ఉన్నాయి. వాటి వెనక గోధుమరంగు రవ్వ పోసినట్టు గుడ్ల కుప్ప. ఆ కుక్కకు నేను ప్రతి ఆదివారం నూనె రాస్తూ ఉన్నాను, అదీ ఆ అరుగు మీదే కూర్చుని.

మేస్త్రీని పిలిచాను, ఎల్లుండి సందులు పూడుస్తాడు. అంతకు ముందు ఆ సందుల్లో పురుగుమందు చల్లించాలా, సున్నం కొడితే సరిపోతుందా?

---

జవాబు 5: పదవీ విరమణ చేసిన పశువైద్యుడు

గుడ్ల కుప్ప కనబడింది కనుక ఒక్క సున్నంతో సరిపెట్టవద్దు. ముందు మరుగునీళ్ళు పోసి, పాత బ్రష్షుతో గీకి, గీకినదంతా సబ్బునీళ్ళలో వేయండి. ఆ తరువాత పిడుదులకు పనిచేసే మందును సీసా మీది కొలత ప్రకారం కలిపి చల్లించి, బాగా ఆరిన తరువాత సిమెంటు పెట్టించండి. రెండు మూడు వారాలకు మరోసారి టార్చి వేసి చూడాలి, ఎక్కడో మిగిలిన గుడ్లు అప్పటికి పొదుగుతాయి.

అయితే ఇలాంటి మందుల్లో చాలావాటిలో పైరెత్రాయిడ్లు అనే పురుగులను చంపే రసాయనాలు ఉంటాయి. తడిగా ఉన్నప్పుడు అవి పిల్లులకు వేపనూనె కంటే ప్రమాదం. పక్కింటి పిల్లి గోడ దూకి మీ అరుగు మీదికి వచ్చే అలవాటు ఉందేమో ఆ అమ్మాయిని అడిగి, మందు చల్లిన రోజు దాన్ని ఇంట్లోనే ఉంచమని ముందుగా చెప్పండి.